హార్స్‌పవర్ చూసి పంపు కొనకండి బాబూ!

నా టేబులు మీద ఒక పిస్టను ఉంది. ఫ్యాను గాలికి కాగితాలు ఎగిరిపోకుండా బరువుకి పెట్టుకున్నా. ఒక పక్క అంచు బెల్లం పాకంలా కరిగి కిందకి జారి ఉంటుంది. చూసిన ప్రతివాడూ "ఇదేంటి గురూ?" అని అడుగుతాడు. "నా ఎక్సెల్ షీటు" అని చెబుతా. నవ్వుతారు. నిజం చెప్పాలంటే అది జోకు కాదు. అది కచ్చితంగా నా ఎక్సెల్ షీటు ఫలితమే.

కథ చెప్పే ముందు నా గోల ఏంటో చెప్పేస్తా, ఓపిక లేనివాళ్లు ఇక్కడితో ఆగిపోవచ్చు. రేసు కార్ల ఫ్యూయల్ పంపుల డబ్బాల మీద "ఇన్ని హార్స్‌పవర్లకి సరిపోతుంది" అని ఒక అంకె వేస్తారు చూడండి, ఆ అంకె వెయ్యటం మానెయ్యాలి. అమ్మేవాళ్లు మానకపోతే కొనేవాళ్లు చూడటం మానెయ్యాలి. ముఖ్యంగా టర్బో బిగించి మెథనాల్ పోసి పరిగెత్తించే డ్రాగ్ కారు విషయంలో ఆ అంకె పనికిరాకపోవటమే కాదు, ఇంజన్లు కూడా తినేస్తుంది.

ఇంజనీరింగులో నాది మెకానికల్. ఉద్యోగం జావాలో. ఇందులో వింతేం లేదని మీకూ తెలుసు, మీలో సగం మందిదీ అదే కథ అయ్యుంటుంది. ఫైనలియర్లో టర్బైన్ల మీద ప్రాజెక్టు రిపోర్టు సమర్పించి, ఆర్నెల్లు తిరక్కుండానే డేటాబేసు కనెక్షన్లు లెక్కపెట్టుకుంటూ కూర్చున్నవాణ్ణి. డాలస్ దగ్గర ఇర్వింగుకి వచ్చాక, దక్షిణాన ఎనిస్ అనే ఊళ్లో 1986 నుంచీ ఉన్న టెక్సస్ మోటర్‌ప్లెక్స్‌కి ఒకసారి సరదాగా వెళ్లా. పావు మైలు సిమెంటు దారి, అటొక కారు, ఇటొక కారు. వదిలితే చెవులు గింగిర్లు. ఆ రోజుతో నాలోని మెకానికల్ వాడు లేచి కూర్చున్నాడు.

మా టీములోనే ఒక పెద్దాయన ఉన్నాడు, అమెరికన్. యాభై దాటినా వారాంతం వస్తే కుర్రాడైపోతాడు. గరాజులో వీ8 ఇంజను, దాని మీద అరచెయ్యి కన్నా పెద్ద నోరున్న టర్బో. పెట్రోలు నుంచి మెథనాల్‌కి మారుదామనుకుంటున్నాడని తెలిసి "లెక్కలు నేను వేసి పెడతా" అన్నా. నాకంత సీను లేదని అప్పటికి నాకు తెలియదు.

అసలు మెథనాల్ ఎందుకంటారా? చల్లదనం కోసం. కిలో మెథనాల్ ఆవిరవటానికి దాదాపు 1100 కిలోజౌళ్ల వేడి లాక్కుంటుంది. పెట్రోలు అయితే 350 దరిదాపుల్లో. పైగా సరిగ్గా మండాలంటే పెట్రోలులో ఒక పాలుకి 14.7 పాళ్ల గాలి కావాలి, మెథనాల్‌లో 6.4 పాళ్లు చాలు. అంటే అంతే గాలిలోకి రెండు రెట్ల పైన ఎక్కువ ఇంధనం పోస్తాం. రెండూ కలిపి చూస్తే ఇంజనులోకి వెళ్లే గాలి నుంచి మెథనాల్ లాగే వేడి పెట్రోలుకి ఏడు రెట్లు. టర్బో ఏమో గాలిని నొక్కి నొక్కి వేడెక్కిస్తుంది. ఆ వేడిని ఈ చల్లదనం మింగేస్తుంది. ఆక్టేను కూడా ఎక్కువ, తొందరగా నాక్ అవ్వదు. అమెరికాలో ఎన్‌హెచ్‌ఆర్‌ఏ వాళ్ల ప్రో మాడ్ తరగతిలో టర్బో కార్లూ, సూపర్‌చార్జరు కార్లూ మెథనాల్ తాగేది ఊరికే కాదు.

మరి కిటుకెక్కడ? కిలో మెథనాల్‌లో ఉన్న శక్తి కిలో పెట్రోలులో సగానికి తక్కువ. అంతే పని చెయ్యాలంటే రెండింతలు పొయ్యాలి. పొయ్యాల్సింది ఎవరు? పంపు. అందుకే ఈ కార్లలో టర్బో ఎంతదో అని అడిగేవాడు చూడటానికొచ్చినవాడు, పంపు ఏం పెట్టావని అడిగేవాడు కారు కట్టినవాడు.

సరే, నేనేం చేశానంటే... ఇంజను లక్ష్యం 1500 హార్స్‌పవర్. మార్కెట్లో కామ్ షాఫ్టు నుంచి తిరిగే గేరు పంపు ఒకటి కనబడింది. డబ్బా మీద "మెథనాల్ – 1650 హార్స్‌పవర్ వరకు" అని ముచ్చటగా రాసుంది. పది శాతం మార్జిన్! మనవాళ్లకి ఇంతకన్నా ఏం కావాలి. షీటులో ఆ గడికి పచ్చరంగు వేసి పెద్దాయనకి పంపా. ఆయన కొన్నాడు.

ఇక్కడ ఒక్క నిమిషం మా ఊరికి వెళ్లొద్దాం, మళ్లీ వస్తా. మాది అనంతపురం జిల్లా. నా చిన్నప్పుడు నాన్న బోరుకి మోటరు కొందామని మెకానిక్కుని పిలిపించాడు. "అయిదు హెచ్‌పీ వేస్తే సరిపోతుందా?" అని నాన్న అడిగితే ఆయన నవ్వి, "అన్నా, హెచ్‌పీ సంగతి తర్వాత చూద్దాం. బోరు ఎన్నడుగులు? నీళ్లు ఎన్నడుగుల్లో ఉండాయి? ఎన్నించుల నీళ్లు పడినాయి? రాత్రిపూట కరెంటు ఎంత వస్తాది?" అని వరసగా నాలుగు ప్రశ్నలేశాడు. హెచ్‌పీ అనేది ఆ నాలుగిటికీ జవాబులొచ్చాక చివర్లో తేలేది. అదే మోటరు నూరడుగుల్లో నీళ్లుంటే కాలవ పారిస్తుంది, మూడొందల అడుగుల్లో ఉంటే చెంబు నింపుతుంది. లోవోల్టేజిలో ఆడిస్తే వైండింగు కాలిపోతుంది. ఇది మన పల్లెల్లో బోరున్న ప్రతి రైతుకీ తెలుసు. బీటెక్ చదివిన నాకు మాత్రం డబ్బా మీద అంకె చాలింది!

ఆ మెకానిక్కు ప్రశ్నలే ఈ కారుకి వేద్దాం.

మొదటిది, ఎన్ని నీళ్లు? టర్బో మెథనాల్ ఇంజనుకి హార్స్‌పవరుకి గంటకి 1.2 పౌండ్లు, అంటే ఇంచుమించు 545 గ్రాములు లెక్క వేసుకోవటం మామూలే. 1500 హార్స్‌పవర్లకి గంటకి దాదాపు 816 కిలోలు. లీటరు బరువు 0.79 కిలోలు కాబట్టి గంటకి 1030 లీటర్లు, నిమిషానికి 17 లీటర్లు పైచిలుకు. అదే పెట్రోలయితే గంటకి 550 లీటర్లతో సరిపోయేది. ఎనిమిది సెకన్ల పరుగులో ఖర్చయ్యేది రెండుంబావు లీటర్లే అనుకోండి. ఆ రెండుంబావు లీటర్లూ ఒక్క క్షణం కూడా తడబడకుండా అందాలి, అదీ కష్టం.

రెండోది, ఎంత లోతు? ఇంజెక్టరుకి మామూలుగా 45 పీఎస్‌ఐ తేడా ఇస్తామనుకోండి. ఇంజను లోపల బూస్టు 30 పీఎస్‌ఐ ఎదురు తంతుంటుంది కాబట్టి రెగ్యులేటరు దాన్ని కూడా కలుపుతుంది. ఫిల్టరు, పైపులు తినేది ఇంకో పది. మొత్తం 85 పీఎస్‌ఐ. మన బోరు భాషలో చెప్పాలంటే 250 అడుగుల లోతు నుంచి మెథనాల్ తోడటం. ఏ బూస్టూ లేని కారుకీ, ఈ కారుకీ ఒకే అంకె ఎలా చెబుతారండీ?

కరెంటు పంపుల విషయంలో ఈ మోసం ఇట్టే తెలిసిపోతుంది. డబ్బా మీద పెద్ద అక్షరాల్లో ఉండే లీటర్లు సాధారణంగా తక్కువ ప్రెషరు దగ్గరవి, అదీ వోల్టేజి పుష్కలంగా ఉన్నప్పటివి. ప్రెషరు పెరిగేకొద్దీ లీటర్లు తగ్గిపోతాయి. వోల్టేజి తగ్గితే ఇంకా తగ్గుతాయి. బరువు తగ్గించటానికని చాలా డ్రాగ్ కార్లలో ఆల్టర్నేటరు పీకేసి ఉత్త బ్యాటరీతో నడుపుతారు, అది కూడా గుర్తుంచుకోవాలి. మన 1030 లీటర్లకి పాతిక శాతం కలిపితే 1290. అంత ద్రవాన్ని 85 పీఎస్‌ఐతో నెట్టటానికి కావల్సిన పని 210 వాట్లు. మోటరూ పంపూ కలిసి మూడోవంతు సామర్థ్యంతో పనిచేస్తాయనుకున్నా బ్యాటరీ నుంచి 630 వాట్లు లాగాలి. పన్నెండు వోల్టుల దగ్గర 50 ఆంపులు పైమాటే. బర్నవుట్ చేసి, వరసలో నుంచుని, లైట్ల దగ్గరకొచ్చేసరికి ఆ బ్యాటరీ ఎలా ఉంటుందో ఎవరైనా కొలుస్తున్నారా? రాత్రిపూట లోవోల్టేజిలో మా నాన్న మోటరుకీ దీనికీ తేడా ఏముంది?

అయితే మేం కొన్నది కరెంటు పంపు కాదుగా, ఇంజను తిప్పే పంపు. బ్యాటరీ గొడవే లేదు. నేను అడ్డంగా పడింది ఇక్కడే, కాబట్టి కాస్త నెమ్మదిగా చదవండి.

గేరు పంపు చుట్టుకి ఇంత అని కొలిచి పోస్తుంది. ఇంజను ఎంత వేగం తిరిగితే అంత ఎక్కువ. కాబట్టి అడగాల్సింది "నిమిషానికి ఎన్ని లీటర్లు" అని కాదు, "ఇంజను ఒక్క చుట్టు తిరిగితే ఎన్ని సీసీలు" అని. మా ఇంజను 1500 హార్స్‌పవర్ ఇచ్చేది 7500 ఆర్‌పీఎం దగ్గర. 17.2 లీటర్లని 7500తో భాగిస్తే చుట్టుకి 2.29 సీసీ. పంపుకి పది శాతం మార్జిన్ ఉంది కాబట్టి 2.52 పోస్తుంది. భేష్.

కానీ చుట్టుకి అన్నిటికన్నా ఎక్కువ ఇంధనం కావల్సింది పవరు ఎక్కువున్న చోట కాదు, టార్కు ఎక్కువున్న చోట! మా ఇంజనుకి టార్కు శిఖరం 6000 దగ్గరుంది, 7500 దగ్గరి కన్నా 15 శాతం ఎక్కువ. అక్కడ హార్స్‌పవర్ 1380 మాత్రమే. డబ్బా మీద అంకెతో పోలిస్తే బోలెడు ఖాళీ ఉన్నట్టే కనబడుతుంది. కానీ చుట్టుకి కావల్సింది 2.64 సీసీ. పంపు పోసేది 2.52. అంతే సంగతి. హార్స్‌పవర్ అంకె ప్రకారం అత్యంత క్షేమంగా ఉండాల్సిన చోటే సిలిండరు ఎండిపోతోంది. అదీ లోపల ప్రెషరు తారస్థాయిలో ఉన్నప్పుడు.

ఇంకో చిల్లు కూడా ఉంది. మెథనాల్ నీళ్ల కన్నా పల్చన. గేర్ల సందుల్లోంచి కొంత వెనక్కి కారుతుంది. ప్రెషరు పెరిగితే ఆ కారటం పెరుగుతుంది, వేగం తగ్గితే మొత్తంలో దాని వాటా పెరుగుతుంది. పంపు అరిగేకొద్దీ ఇంకా. మెథనాల్‌కి నూనెగుణం లేదు కాబట్టి అరగటం కూడా తొందరే. డబ్బా మీద అంకె మాత్రం కొత్త పంపుదీ, పూర్తి వేగానిదీ.

సూపర్‌చార్జరు కార్లలో పాతకాలం నుంచీ ఈ పంపులు చక్కగా పనిచేస్తున్నాయి కదా అంటారు. పనిచేస్తాయి. ఇంజను బెల్టుతో తిరిగే బ్లోయరు గాలిని కూడా చుట్ల లెక్కనే ఇస్తుంది. పంపూ, బ్లోయరూ ఒకే తాళానికి ఆడతాయి. టర్బోకి ఆ తాళం తెలీదు. గేరు మారి ఇంజను వేగం పడిపోయినా బూస్టు పూర్తిగానే ఉంటుంది. బయల్దేరే గీత దగ్గర ఇంజనుని నాలుగైదు వేల చుట్లలో పట్టి ఉంచి బూస్టు కట్టిస్తారు, అక్కడా అంతే. ఒక రకం కారుకి పుట్టిన అలవాటుని ఇంకో రకం కారుకి అంటగట్టి, రెంటికీ కలిపి ఒకే అంకె అచ్చు వేస్తే ఎలా?

ఏతావాతా జరిగిందేంటంటే, ఒక చిన్న ట్రాకు మీద శనివారం టెస్టింగు. మొదటి రెండు పరుగులూ తక్కువ బూస్టుతో బ్రహ్మాండం. మూడోది పూర్తి బూస్టు. రెండో గేరు పడ్డ అర సెకను తర్వాత ఒక తెల్లటి పొగ. కారు పక్కకి తీసి ఆపేశాడాయన. డేటా తీసి చూస్తే ఇంజెక్టరు దగ్గర తేడా 45 ఉండాల్సింది గేరు మారగానే 37కి పడింది. మిశ్రమం ఎండుతోందని కంప్యూటరు ఇంజెక్టర్లని ఇంకాసేపు తెరిచింది. పంపు దగ్గర ఉంటే కదా ఇవ్వటానికి? ప్రెషరు ఇంకా పడింది. మెథనాల్ నాక్‌కి లొంగదు గానీ వేడెక్కిన లోహం తగిలితే స్పార్కు రాకముందే అంటుకుంటుంది. ఆ తర్వాత పిస్టను ఎంతసేపు ఆగుతుంది?

ఇంజను విప్పి ఆ పిస్టను నా చేతిలో పెట్టి ఆయన ఒక్క మాట కూడా అనలేదు. "ఆ షీటు మళ్లీ ఒకసారి చూద్దామా?" అన్నాడంతే. తిట్టినా బావుండేది. ఆయన కూతురి కాలేజీ ఫీజులు కడుతూ, మిగిల్చి మిగిల్చి రెండేళ్లు కట్టుకున్న ఇంజను అది.

"అయితే పెద్ద పంపు కొంటే పోలా?" అంటారు. ఇది ఇంకో రోగం. మన ప్రాజెక్టుల్లో సర్వరు స్లో అయితే ఇంకో సర్వరు పెట్టేవాడి బాపతు. పెద్ద పంపు ఊరికే రాదు. ఫినిష్ దాటి కాలు తీసేశాడనుకోండి, ఇంజను ఇంకా ఏడు వేల పైన తిరుగుతూనే ఉంటుంది, ఇంజెక్టర్లు మూసుకుంటాయి. పంపు పోసేదంతా, నిమిషానికి పాతిక లీటర్లనుకోండి, రెగ్యులేటరు గుండా వెనక్కి టాంకులోకి పోవాలి. రిటర్న్ పైపు సన్నగా ఉంటే ప్రెషరు పైకి తన్నుకొస్తుంది. ఎక్కడో ఒక సీలు, ఒక బిగింపు వదులుతుంది. పక్కనే ఎర్రగా కాలి ఉన్న టర్బో.

ఇది ఇంజను పోయేంత చిన్న విషయం కాదు. పట్టపగలు మెథనాల్ మంట కంటికి కనబడదు. 1964 ఇండియానాపొలిస్ 500లో పెట్రోలు మంటల్లో ఇద్దరు డ్రైవర్లు, డేవ్ మెక్‌డొనాల్డ్, ఎడ్డీ శాక్స్ చనిపోయాక ఆ రేసులు మెథనాల్ వైపు మళ్లాయి. నీళ్లతో ఆర్పొచ్చు, పెట్రోలంత భీకరంగా మండదు అని. నిజమే. కానీ 1981లో అదే ట్రాకు మీద పిట్‌లో ఇంధనం ఒలికి రిక్ మియర్స్‌కి మంటలంటుకుంటే చుట్టూ ఉన్నవాళ్లకి మనిషి గెంతటం కనబడింది గానీ మంట కనబడలేదు. అటువంటి ద్రవాన్ని తోసే యంత్రానికి "పెద్దది వేస్తే పోలా" అనేవాడి దగ్గర నేను కూర్చోను.

ఇక టాంకు సంగతి. ఇది డబ్బా మీద ఏ మూలా ఉండదు. మాకు టాంకు డిక్కీలో, పంపు ముందు ఇంజను మీద. మధ్యలో మూడు మీటర్ల పైపు. మొదటి 60 అడుగులు 1.1 సెకన్లలో దాటే కారంటే గురుత్వానికి మూడు రెట్ల త్వరణం. ఆ త్వరణానికి పైపులో ఉన్న మెథనాల్ వెనక్కి, అంటే టాంకు వైపుకి లాగుతుంది. ఎంత? సాంద్రత 790, త్వరణం 30, పొడవు 3. గుణించండి. 71 కిలోపాస్కళ్లు. పంపుకి ఇంధనాన్ని తోసిపెట్టేది వాతావరణ పీడనం ఒక్కటే, అది 101. టెక్సస్ ఎండలో 40 డిగ్రీలున్న మెథనాల్ ఆవిరి ఒత్తిడి 35. తీసేస్తే మిగిలేది 66. కావల్సింది 71! అంటే పంపు ఎంత గొప్పదైనా దాని నోటి దగ్గర మెథనాల్ ఉడికి బుడగలవుతుంది. ఇంటర్మీడియట్ ఫిజిక్సు ఇది. ఎంసెట్‌లో ఇస్తే నిమిషంలో చేసి పారేసేవాణ్ణి. అందుకే తెలిసినవాళ్లు టాంకుని కారు ముక్కులో పెడతారు, అప్పుడు అదే త్వరణం ఇంధనాన్ని పంపులోకి తోస్తుంది. లేకపోతే టాంకు దగ్గరే ఇంకో పంపు పెట్టి తోయించాలి.

ఇప్పుడు అవతలివాళ్ల వాదన కూడా చెప్పకపోతే అన్యాయం. "అందరికీ ఇంత లెక్క రాదు, కొత్తవాడికి ఒక అంకె ఉంటే సులువు కదా" అంటారు. అంగట్లో ఇరవై పంపుల్లోంచి పదిహేను తీసెయ్యటానికి ఆ అంకె పనికొస్తుంది, ఒప్పుకుంటా. "ఎంతోమంది ఆ అంకె చూసే కొని హాయిగా నడుపుకుంటున్నారు" అని కూడా అంటారు. నడుపుకుంటారు. టార్కు గీత చదునుగా ఉన్నవాడికీ, బూస్టు తక్కువున్నవాడికీ, టాంకు ముందున్నవాడికీ ఏమీ కాదు. హెల్మెట్టు లేకుండా బండి నడిపి ఇంటికి చేరేవాళ్లు కూడా ఎంతోమంది.

అమ్మేవాళ్లని నేనడిగేది గొంతెమ్మ కోరిక కాదు. ఒక గ్రాఫు. కరెంటు పంపయితే ఏ ప్రెషరు దగ్గర, ఏ వోల్టేజి దగ్గర ఎన్ని లీటర్లు, ఎన్ని ఆంపులు. ఇంజను తిప్పే పంపయితే చుట్టుకి ఎన్ని సీసీలు, ఏ వేగంలో, ఏ ప్రెషరులో ఎంత కారుతుంది, నోటి దగ్గర కనీసం ఎంత ఒత్తిడి ఉండాలి. మెథనాల్‌తో కొలిచారా, వేరే దేంతోనైనా కొలిచారా. మంచి తయారీదార్లు ఇందులో చాలా వరకు ఇస్తూనే ఉన్నారు, వెతికితే దొరుకుతుంది. డబ్బా మీద పెద్దక్షరాల్లో ఉండాల్సింది అదీ, చివరి పేజీలో చిన్నక్షరాల్లో దాక్కోవాల్సింది హార్స్‌పవరూ. ఇప్పుడు జరుగుతున్నది తలకిందులు.

కొనేవాళ్లకి నా మాటగా ఇంకొంచెం. పంపులోపలి భాగాలు మెథనాల్‌కి తట్టుకుంటాయో లేదో అడగండి. అది ఉత్త అల్యూమినియాన్ని తినేస్తుంది, గాలిలోంచి తేమ పీల్చుకుంటుంది, పెట్రోలులా కాకుండా కరెంటుని కాస్త పారనిస్తుంది. ఇంధనం మోటరు గుండానే పోయే పంపుల్లో దీని ఫలితం ఏంటో ఊహించుకోండి. రేసయ్యాక అలాగే వదిలేసి ఇంటికెళ్తే వచ్చే వారానికి లోపల తెల్లటి పొడి పలకరిస్తుంది. లోపలంతా కడిగి, నూనె తడి పట్టించి వెళ్లాలి. ఇంజను ఆగితే ఇంజను తిప్పే పంపు తనంతట తనే ఆగుతుంది, కరెంటు పంపు ఆగదు. దానికి ఇంజను ఆగగానే కరెంటు తెంపే ఏర్పాటు ఉందో లేదో చూసుకోండి. అన్నిటికన్నా ముఖ్యం, ఇంజెక్టరు దగ్గర ప్రెషరు తేడాని రికార్డు చెయ్యండి, అది పడితే ఇంజను తనంతట తనే బూస్టు తగ్గించేలా పెట్టుకోండి. మాకు సెన్సరు ఉంది, రికార్డూ ఉంది. ఆ ఒక్క హద్దు పెట్టటమే మర్చిపోయాం. ప్రొడక్షన్‌లో లాగులు రాసుకుంటూ అలర్టు పెట్టనివాళ్లని నేనెన్నిసార్లు ఎగతాళి చేశానో!

ఇదంతా మీకెందుకు చెబుతున్నానంటే, రేపు మీరందరూ డ్రాగ్ కార్లు కడతారని కాదు. అంకె మీద మన మోజు అలాంటిది. పుట్టి బుద్ధెరిగిన దగ్గర్నుంచీ ర్యాంకు, పర్సెంటేజీ, ప్యాకేజీ. సర్వరు కొనేటప్పుడు సెకనుకి ఎన్ని ట్రాన్సాక్షన్లు, ఫోను కొనేటప్పుడు ఎన్ని మెగాపిక్సెళ్లు. ఆ అంకె ఏ పరిస్థితిలో కొలిచారని అడిగినవాణ్ణి చాదస్తుడంటాం. మా ఊరి మోటరు మెకానిక్కు పది పాసయ్యాడో లేదో నాకు తెలీదు. కానీ ఆయన ముందు ఎవడైనా డబ్బా చూపించి "ఇదుగో, అయిదు హెచ్‌పీ" అంటే, డబ్బా వైపు చూడకుండా "నీళ్లు ఎన్నడుగుల్లో ఉండాయి?" అనే అడుగుతాడు.

పెద్దాయన మళ్లీ ఇంజను కట్టాడు. ఈసారి లెక్క చుట్టుకి వేశాం: టార్కు శిఖరం దగ్గర కావల్సిన 2.64 సీసీకి పాతిక శాతం కలిపి 3.3. పంపుని బెంచి మీద మెథనాల్‌తోనే, 85 పీఎస్‌ఐ దగ్గర, అరవై శాతం వేగంలో కొలిపించి మరీ తెచ్చుకున్నాం. టాంకు ముక్కులోకి వెళ్లింది. రిటర్న్ పైపు లావయింది. ప్రెషరు తేడా 42కి పడితే బూస్టు కట్. కొత్త షీటులో హార్స్‌పవర్ అనే గడి తీసేశా.

మొన్న పూర్తి బూస్టుతో నాలుగు పరుగులు తీశాం. నాలుగింట్లోనూ ఆ గీత 45 దగ్గరే నిలబడింది, రెండో గేరులో కూడా. నేను స్టాపువాచీ చూడలేదు, ఆ గీతే చూస్తూ కూర్చున్నా.

ఉంటానండీ. పాత షీటు ఎవరికైనా కావాలంటే మా ఇంటికి రండి, టేబులు మీదే ఉంది. కాగితాలు ఎగిరిపోకుండా జాగ్రత్తగా ఎత్తండి.